మూడు వేల టార్చి, ముప్పై మీటర్ల లోతు



విశాఖలో రుషికొండ దగ్గర ఒకరోజు పొద్దున్న సముద్రంలో 15 మీటర్ల లోతున ఉన్నాం, నేనూ నా జోడీ. నీళ్ల కిందకి ఎప్పుడూ ఇద్దరేసి వెళ్తాం, ఒకరికొకరు కాపలా. రాతికి పట్టిన గుల్లలకు అతని చెయ్యి గీరుకుంది. వేలి మీంచి నెత్తురు సన్నటి దారంలా నీళ్లలోకి సాగింది. అది ఎర్రగా లేదు. ముదురాకుపచ్చగా, ఇంచుమించు నల్లగా ఉంది. అతనికి అప్పటికి డైవింగ్ కొత్త. మాస్కు అద్దం వెనక కళ్లు ఇంతింతయ్యాయి. నేను టార్చి వేసి ఆ వేలి మీద పట్టాను. నెత్తురు తన మామూలు రంగుకొచ్చింది. టార్చి పక్కకి తిప్పితే మళ్లీ ఆకుపచ్చ. రెండుసార్లు అలా చూపించాక అతని ఊపిరి బుడగలు నెమ్మదించాయి.

పైన ఎండ కాస్తూనే ఉంది. కానీ నీళ్లు వెలుగుని తాగేస్తాయి, అదీ అన్ని రంగుల్నీ సమానంగా కాదు. ముందు పోయేది ఎరుపు. 5, 6 మీటర్లు దిగేసరికే చాలావరకు హరించుకుపోతుంది. తరవాత నారింజ, ఆ తరవాత పసుపు. ఇంకా దిగితే మిగిలేవి ఆకుపచ్చ, నీలం. టార్చి వెలుగు మాత్రం అంత ఎత్తునుంచి రావడం లేదు, మూరెడు దూరంనుంచి వస్తోంది. ఆ మూరెడు నీళ్లు ఎరుపుని తాగెయ్యలేవు. అందుకే డైవింగ్‌లో టార్చి రాత్రిపూటకి మాత్రమే కాదు. పట్టపగలు రాతి సందులో దాక్కున్న చేప అసలు రంగు చూడాలన్నా అదే దిక్కు.

విశాఖలోనో, అండమాన్‌లోనో డైవింగ్ కోర్సు పూర్తి చేసుకుని వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "అన్నా, తక్కువలో వచ్చే మంచి టార్చి ఏదో చెప్పు." ఆ "తక్కువలో" అనే ముక్క అనడానికి వాళ్లు కాస్త మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు. కోర్సుకే దాచుకున్నదంతా పెట్టి వచ్చిన పిల్లలు వాళ్లు. పేరున్న పెద్ద టార్చి 15 వేలు, 20 వేలు, ఆ పైన కూడా ఉంటుంది. రెండున్నర వేలకీ నాలుగు వేలకీ మధ్య కూడా నమ్మి నీళ్లలోకి తీసుకెళ్లదగ్గవి దొరుకుతున్నాయి. అదే ధరలో, అదే నల్లరంగులో, అదే ఆకారంలో అస్సలు నమ్మకూడనివీ ఉన్నాయి. ఆ రెండింటినీ వేరు చెయ్యడం ఎలాగో చెప్పడానికే ఇవాళ ఈ పదిహేను నిమిషాలూ.

మా నాన్నగారు రాత్రిళ్లు పొలంలో మోటారు వెయ్యడానికి వెళ్తూ మూడు బ్యాటరీల స్టీలు టార్చి పట్టుకెళ్లేవారు. కొత్త బ్యాటరీలు వేసిన మొదటి రెండు రోజులే దాని వైభవం. అందులో ఉన్నది తీగ వేడెక్కి వెలిగే బల్బు, కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోయేది. అప్పట్లో డైవింగ్ టార్చిలు కూడా ఆ జాతివే, కాకపోతే గుమ్మడికాయంత. 1990లలో జపాన్‌వాళ్లు బాగా వెలిగే నీలం ఎల్.ఇ.డి. సాధించారు. దాని మీద పసుపు పూత వేస్తే తెల్ల వెలుగొచ్చింది. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా, ఈ ముగ్గురికీ ఆ నీలం వెలుగుకే 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. నాకు వాళ్ల మీద సొంత మనుషుల మీద ఉన్నంత అభిమానం. వాళ్ల పుణ్యమా అని ఇవాళ జానెడు టార్చి ఆ గుమ్మడికాయ కంటే ఎక్కువ వెలుగిస్తోంది.

ఇక కొనే సంగతి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది ల్యూమెన్ల అంకె. దీపం మొత్తం మీద ఎంత వెలుగు పోస్తుందో చెప్పే కొలత అది. చవక టార్చిల మీద 8,000 అనీ 10,000 అనీ వేస్తారు, లోపల చూస్తే ఒకటే బ్యాటరీ. ఇది అయ్యే పనేనా అన్నది మీరే లెక్క కట్టుకోవచ్చు. మంచి ఎల్.ఇ.డి. ఒక వాట్ కరెంటుకి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. 8,000 ల్యూమెన్లు కావాలంటే 80 వాట్లు కావాలి. టార్చిల్లో వేసే లిథియం బ్యాటరీ, 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. అందులో ఉండే మొత్తం శక్తి 12, 13 వాట్ గంటలు. 80 వాట్లు లాగితే పది నిమిషాలైనా రాదు. అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వడం మామూలు బ్యాటరీ వల్ల కాదు, ఇచ్చినా ఆ వేడికి టార్చి తట్టుకోదు. కాబట్టి ఒక బ్యాటరీ టార్చి మీద 800 అనో 1,000 అనో రాసి ఉంటే, ఆ రాసినవాడు నిజం చెబుతున్నాడని నేను నమ్ముతాను. 8,000 అని ఉంటే పెట్టె తెరవను. అంకె విషయంలో అబద్ధమాడినవాడు లోతు విషయంలో నిజం చెప్పాడని ఏ ధైర్యంతో అనుకోవాలి?

బ్యాటరీ మీద కూడా ఇదే మోసం. 9,900 మిల్లీ ఆంపియర్ అవర్లని అచ్చు వేసిన బ్యాటరీలు బజారునిండా ఉన్నాయి. ఆ సైజులో నిజాయితీగా వచ్చేది ఎక్కువలో ఎక్కువ 3,500 దరిదాపుల్లో. మంచి బ్యాటరీ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. నకిలీది తరచు అంతకంటే బాగా తేలిగ్గా ఉంటుంది. వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. టార్చితో ఉచితంగా వచ్చిన బ్యాటరీని పక్కన పెట్టేసి పానాసోనిక్, శామ్‌సంగ్, ఎల్జీ లాంటి పేరున్న తయారీదారుది నమ్మకమైన చోట కొనుక్కోండి. నాలుగైదు వందలు. టార్చి ధరలో మిగుల్చుకున్న డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టడం తెలివైన పని. పై పొర చిరిగిన బ్యాటరీని మాత్రం ఎంత మమకారమున్నా వాడకండి. రెండు మూడు బ్యాటరీలు వరసగా వేసే టార్చిలకన్నా ఒకే బ్యాటరీది కొత్తవాళ్లకి మేలు. వరసలో ఒకటి బలహీనమైతే మిగతావి దాన్ని పిండేస్తాయి, అది ప్రమాదం.

వెలుగు ఎంత అన్నదానికంటే ఎలా పడుతుంది అన్నది నాకు ముఖ్యం. చలికాలం తెల్లవారుజామున లంబసింగి ఘాట్‌లో కారు నడిపినవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మంచులో హెడ్‌లైటు పైకి వేస్తే తెల్లటి గోడ లేచి నిలబడుతుంది, దారి కనపడదు. మన తీరంలో నీళ్లు చాలా రోజులు అలాగే ఉంటాయి, ఇసుక, నాచు, కంటికానని జీవాలు తేలుతూ ఉంటాయి. అందులో వెడల్పుగా పరుచుకునే వెలుగు వేస్తే ప్రతి నలకా మెరుస్తుంది, చేప కనపడదు. కాబట్టి విశాఖలో దిగేవాళ్లు ఈటెలా సన్నగా వెళ్లే వెలుగు తీసుకోండి, 10 డిగ్రీల లోపు కోణం. వెలుగు చుక్క చుట్టూ కాస్త పలచటి వలయం ఉంటే ఇంకా మంచిది. టార్చిని కళ్లకి దగ్గరగా కాకుండా చెయ్యి పక్కకి చాపి పట్టుకోండి, నలకల మెరుపు బాగా తగ్గుతుంది. 100, 120 డిగ్రీల వెడల్పు టార్చిలు వీడియో తీసేవాళ్లకి, అదీ లక్షద్వీప్‌లాంటి తేట నీళ్లలో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నన్నడిగితే టార్చి అంటే బల్బు కాదు, బ్యాటరీ కాదు, రబ్బరు రింగు. మూత తిప్పి చూడండి. మర చుట్లకి పక్కనే చిన్న గాడి, ఆ గాడిలో నల్లటి రింగు, మహా అయితే 2 మిల్లీమీటర్ల మందం. ఓ-రింగు అంటారు. సముద్రానికీ మీ బ్యాటరీకీ మధ్య అడ్డం అదొక్కటే.

సముద్రం ఎంత బరువుగా నెడుతుందో చెప్తాను. ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో. 30 మీటర్ల లోతున, 4 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న టార్చి అద్దం మీద పడే బరువు 38 కిలోల దాకా ఉంటుంది. ఆరో తరగతి పిల్లవాడు ఆ అద్దం మీద ఒంటికాలి మీద నిలబడ్డట్టు. అందుకే ప్లాస్టిక్ అద్దం, పలచటి గాజు వద్దు, మందపాటి గట్టి గాజు కావాలి. "వాటర్‌ప్రూఫ్" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. ఐపీ67 అని ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందని అర్థం, అది బకెట్టు లోతు. ఐపీఎక్స్8 అని ఉన్నా ఎన్ని మీటర్లో తయారీదారు వేరే చెప్పాలి. 100 మీటర్లనో 150 మీటర్లనో స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. మనం వెళ్లేది 18 మీటర్లకో 30 మీటర్లకో కావచ్చు, కానీ చవక వస్తువుకి ఎప్పుడూ జాగా ఎక్కువ వదలాలి.

ఓ-రింగు పనితీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నీళ్లు నెట్టినకొద్దీ అది గాడిలో అవతలి అంచుకి ఒదిగి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. శత్రువు బలమే దాని బలం. అందువల్ల లోతులో బాగున్న టార్చి, పైపైన రెండు మూడు మీటర్లలోనే కారడం జరుగుతుంటుంది. అక్కడ రింగుని అదిమేంత ఒత్తిడి ఉండదు. చిన్న నలక ఉన్నా నీళ్లు దారి చేసుకుంటాయి.

ఆ నలక నాకు ఎదురైంది అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్ దగ్గర, ఒక రాత్రి డైవ్‌లో. బోటు మీద గాలి, తొందర. టార్చి బ్యాటరీ అక్కడే మార్చాను. చెయ్యి తుడుచుకున్న తువ్వాలుతోనే రింగు కూడా తుడిచాను. దిగాం. నిద్రపోతున్న చిలక చేప ఒకటి, తన చుట్టూ జిగురుతో అల్లుకున్న తెరలో, పలచటి దోమతెరలో పడుకున్న పసిపిల్లలా ఉంది. దాన్నే చూస్తున్నాను. అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టింది. వెలుగు పసుపు తిరిగింది, రెండుసార్లు కొట్టుకుంది, పోయింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి అంటాం చూడండి, అది. ఎటు పైనో ఎటు కిందో తెలియలేదు. ఊపిరి వదిలి, బుడగలు చెంప మీంచి ఎటు జారుతున్నాయో చూసుకుని పైవైపు పోల్చుకున్నాను. జేబులో రెండో టార్చి ఉంది. అది బొటనవేలంత, నా దగ్గరున్న వాటన్నిటిలోకీ చవక. దాని వెలుగులో జోడీని చేరుకుని చేత్తో సైగ చేశాను, ఇద్దరం పైకొచ్చాం. ఒడ్డున మూత తీస్తే రింగు మీద తువ్వాలు పోగు ఒకటి అడ్డంగా పడి ఉంది. వెంట్రుకంత.

అప్పటినుంచి నా అలవాటు ఇది. బ్యాటరీ మార్పు గదిలోనే, మంచం మీద తెల్ల కాగితం పరిచి. రింగుని పిన్నుతోనో కత్తితోనో తియ్యను. రెండు వేళ్లతో నొక్కితే ఒకచోట ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కింద పాత ఏటీఎం కార్డు మూల పెట్టి లేపుతాను. కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతాను. కంటికి అందని గీటు వేలికి అందుతుంది. గాడిని పోగు రాలని గుడ్డతో తుడుస్తాను, చెవి పుల్లల దూది పనికిరాదు. తరవాత సిలికాన్ గ్రీజు, ఆవగింజంత. రింగు మెరిస్తే చాలు, జిడ్డు కనపడకూడదు. గ్రీజు ఎక్కువైతే ఇసుకకి అదే పీట. కొబ్బరినూనె, వ్యాజిలైన్ రాసేవాళ్లున్నారు, దయచేసి వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి పాడవుతుంది. కొనేటప్పుడు మూత దగ్గర ఒకటి కాదు, రెండు రింగులున్నది ఎంచుకోండి. పెట్టెలో విడి రింగులు ఇచ్చారా చూడండి. ఇచ్చారంటే ఆ తయారీదారుకి నీళ్లంటే ఏమిటో తెలుసు.

స్విచ్చు దగ్గర కూడా ఇదే ఆలోచన. రబ్బరు బొత్తం నొక్కే స్విచ్చు కింద టార్చి ఒంటికి రంధ్రం ఉంటుంది, పైగా లోతులో నీళ్ల ఒత్తిడే ఆ బొత్తాన్ని నొక్కేసే వీలుంది. తల తిప్పితే వెలిగే రకం మొరటుదే కానీ నమ్మకమైంది, కాకపోతే ఆర్పబోయి మరీ ఎక్కువ విప్పేస్తే కొంప మునుగుతుంది. నాకు నచ్చేది అయస్కాంతం స్విచ్చు. బయట జరిపే మీటలో చిన్న అయస్కాంతం ఉంటుంది, దాన్ని లోపలి భాగం పసిగడుతుంది. ఒంటికి రంధ్రమే అక్కర్లేదు. ఈ ధరలోనే ఇప్పుడవి వస్తున్నాయి. ఒక్కటే జాగ్రత్త, ఆ మీట కింద ఇసుక చేరి బిగుసుకుంటుంది. పైకొచ్చాక మంచినీళ్ల తొట్లో ముంచి మీటని అటూ ఇటూ పదిసార్లు ఆడించండి. టార్చిని గాలిలో వెలిగించి వదిలెయ్యకండి. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. ఒడ్డున పిల్లలకి చూపించడానికి నిమిషాల తరబడి వెలిగిస్తే లోపల మాడిపోతుంది.

విమానంలో వెళ్లేటప్పుడు బ్యాటరీ టార్చిలోంచి తీసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చేతిసంచిలో మీతోపాటే ఉంచుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామాన్లలో వెయ్యనివ్వరు.

లోపలికి నీళ్లు పోయిన టార్చి గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. ఉప్పునీళ్లు తగిలిన బ్యాటరీ లోపల వాయువు పుట్టిస్తుంది. బయట అంత గట్టిగా మూసి ఉన్న వస్తువులో ఆ ఒత్తిడి పోయేందుకు దారి ఉండదు. అటువంటి టార్చిని మొహానికి ఎదురుగా పెట్టుకుని తెరవద్దు. ఆరుబయటకి వెళ్లి, మూతని మనుషులు లేని వైపుకి తిప్పి, కొద్దికొద్దిగా విప్పండి. ఆ బ్యాటరీని ఆరబెట్టి మళ్లీ వాడదామనుకోకండి. నాలుగు వందల కోసం వేళ్లు పోగొట్టుకోవద్దు.

మీ దగ్గర 5 వేలుంటే ఒక 5 వేల టార్చి కొనకండి, రెండున్నర వేలవి రెండు కొనండి. రాత్రి డైవ్‌కి ఒకటి చేతిలో, ఒకటి జేబులో. చేతిలోది మణికట్టుకి తాడుతో, వదిలితే జారిపోకుండా. రెండోది చిన్నదైనా పరవాలేదు, ఒక చేత్తో వెలిగేలా ఉండాలి. వెలుగు మనకి మాట కూడా. నేల మీద గుండ్రంగా తిప్పితే "బాగున్నాను" అని, అడ్డంగా గబగబా ఊపితే "ఆపద, రా" అని. చవక టార్చిల్లో ఒక లోపం, ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు, రెండోసారి చిన్నది, మూడోసారి టపటపా కొట్టుకునేది. ఆ కొట్టుకునే వెలుగు పొరపాటున పడితే జోడీ కంగారుపడతాడు. ఆ గొడవ లేని, వెలగడం ఆరడం మాత్రమే తెలిసిన టార్చి దొరికితే పది రూపాయలు ఎక్కువైనా తీసుకోండి.

కొన్నాక నీళ్లలో నమ్మేముందు పరీక్ష ఉంది. బకెట్టులో రాత్రంతా ముంచడం సరిపోదు, అయినా చెయ్యండి, పెద్ద తప్పులు అక్కడ బయటపడతాయి. అసలు పరీక్షకి బ్యాటరీ తీసేసి, ఆ స్థానంలో పొడి టిష్యూ కాగితం చుట్టి పెట్టి మూత బిగించండి. పగటి డైవ్‌లో దాన్ని నడుముకి తగిలించుకుని వెళ్లండి. 3 మీటర్ల దగ్గర కాసేపు, మీకు అనుమతి ఉన్న లోతులో కాసేపు, మళ్లీ పైకొచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగింపు ఎలాగూ ఉంటుంది. నీళ్లలో ఉండగానే మీటని కదిపి చూడండి. ఒడ్డుకొచ్చి, టార్చి పైభాగం పొడిగుడ్డతో బాగా తుడిచి, చుట్లలో నిలిచిన చుక్క లోపలికి జారకుండా మూత తియ్యండి. కాగితం ఏం చెబుతుందో చూడండి. ఒక మూల తడిచినా ఆ టార్చి వెనక్కి పంపెయ్యడమే.

ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకామె మొన్న 2,800 పెట్టి ఒకటి కొని తెచ్చింది. అయస్కాంతం మీట, రెండు రింగులు, మీద 1,000 ల్యూమెన్లని మాత్రమే రాసి ఉంది. చేతిలో తూకంగా ఉంది, నాకు బాగా నచ్చింది. "ఇక రాత్రి డైవ్‌కి వెళ్లొచ్చా అన్నా?" అంది. వచ్చే ఆదివారం సముద్రం నెమ్మదిగా ఉంటే పగలే వెళ్తున్నాం, టార్చిలో బ్యాటరీ లేకుండా, మడిచిన టిష్యూ కాగితంతో.